నడుము మీద 75 కిలోలు



ఆళ్లగడ్డ శిల్పి ముందున్న నల్లరాతిలోంచి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం ఉన్న ముక్కను కోసి కాటా మీద పెడితే 75 కిలోల పైనే తూగుతుంది. నంద్యాల రైసుమిల్లు ముందు లారీలోంచి దిగే వడ్ల మూట కూడా 75 కిలోలే. ఈ రెండు ఊళ్ల మధ్య కర్నూలు–కడప రహదారి మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఈమధ్య ఆ దారిలో మూడో బరువు ఒకటి వచ్చి చేరింది. పొద్దున్నే జిమ్ముకు పోయి, 20 కిలోల రాడ్డుకు రెండు పక్కలా ప్లేట్లు తగిలించి, అదే 75 కిలోలను నేల మీంచి లేపే కుర్రాళ్లు పెరిగారు. రాయి జరిపేవాడికీ, మూట మోసేవాడికీ, రాడ్డు లేపేవాడికీ ఏదో ఒక రోజు ఒకే చోట కలుక్కుమంటుంది. నడుము కింది భాగంలో, బెల్టు పెట్టుకునే చోట.

అప్పుడు ముగ్గురికీ చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒక్కటే. ‘ఇంక బరువు జోలికి పోవద్దప్పా.’ చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ మూట మానేస్తే హమాలీ ఇంట్లో పొయ్యి వెలగదు. రాయి మానేస్తే శిల్పికి పని లేదు. జిమ్ము కుర్రాడు మానేయగలడు, మానేస్తాడు కూడా. ఆరు నెలలు పోయాక సిలిండరు ఎత్తబోయి మళ్లీ పట్టేయించుకుంటాడు. ఎందుకంటే ఆ ఆరు నెలల్లో అతని నడుముకు ఉన్న బలం కూడా పోయింది.

నడుము నొప్పి చిన్న సంగతేమీ కాదు. ప్రపంచవ్యాప్తంగా 2020లో 61 కోట్ల 90 లక్షల మంది దీనితో బాధపడుతున్నారని లెక్క తేలింది. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్లు దాటవచ్చని అంచనా. పని చేయలేని స్థితికి మనుషుల్ని నెట్టే జబ్బులన్నింటిలో ముందున్నది ఇదే. బరువులు ఎత్తేవాళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. బ్యాంకు కౌంటర్లో రోజంతా కూర్చునేవాళ్లకూ వస్తుంది. అయితే బరువు ఎత్తేవాడికి వచ్చినప్పుడు, అతను ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. ఈ ప్రసంగం ఆ ప్రశ్న గురించే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడాలి. నడుములో అయిదు వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య ఒక మెత్తటి బిళ్ల. అదే అందరూ డిస్కు అనేది. వెనక నిలువుగా కండరాలు. మనిషి వంగి ఒక వస్తువును చేతులతో పట్టుకున్నాడంటే, ఆ వస్తువు వెన్నుకు ఎంత దూరంలో ఉందన్నదాని మీద భారం ఆధారపడుతుంది. వెనక కండరాలు పనిచేసే దూరం పూస మధ్య నుంచి అయిదారు సెంటీమీటర్లే. ముందున్న బరువు యాభై సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఒక తట్ట బారెడు కాడ చివర, ఇంకో తట్ట జానెడు కాడ చివర వేలాడే తక్కెడ లాంటి పరిస్థితి అది. చేతిలో ఉన్నది 20 కిలోలే. దాన్ని నిలబెట్టడానికి వెనక కండరాలు లాగాల్సింది దాదాపు 200 కిలోల బలంతో. పైన వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అదే వస్తువును పొట్టకు ఆనించుకుంటే ఆ లెక్క సగానికి సగం పడిపోతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే అనుకోనక్కర్లేదు. జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కె అనే పరిశోధకుడి బృందం ఒక మనిషి నడుములో, నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్య ఉన్న డిస్కులో, చిన్న కొలత పరికరాన్ని అమర్చింది. ఆ మనిషి వయసు 45 ఏళ్లు, బరువు 70 కిలోలు, వృత్తి ఎముకల వైద్యం. అతను నడిచినా, పడుకున్నా, దగ్గినా, బరువు ఎత్తినా లోపలి ఒత్తిడి ఎంతో నమోదు చేశారు. 1999లో ఫలితాలు వెలువడ్డాయి. ఊరికే నిలబడ్డప్పటి ఒత్తిడిని ఒక వంతు అనుకుంటే, 20 కిలోల బరువును ఒంటికి ఆనించి పట్టుకున్నప్పుడు అది రెండు వంతుల పైచిలుకు. అదే బరువును ఒంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే మూడున్నర వంతులు. వీపు గుండ్రంగా వంచి నేల మీంచి ఎత్తితే నాలుగున్నర వంతులు. మోకాళ్లు వంచి ఎత్తితే మూడున్నర లోపు. ఒకే మనిషి మీద చేసిన పరీక్ష కాబట్టి ఈ అంకెలు అందరికీ అచ్చుగుద్దినట్టు వర్తించవు. కానీ బరువు ఎంత అన్నదానితో పాటు ఎంత దగ్గరగా ఉందన్నదీ అంతే ముఖ్యమని దీనికంటే గట్టిగా చూపిన పరీక్ష మరొకటి దొరకడం కష్టం.

ఇప్పుడు నంద్యాలలో ఒక మిల్లు ముందు నిలబడి హమాలీ పనిని చూడాలి. లారీ మీద ఇద్దరు నిలబడి మూటను అంచు దాకా లాగుతారు. కింద ఉన్నవాడు లారీకి వీపు తిప్పి, కాస్త ముందుకు వంగి, తలకు చుట్టిన తువ్వాలను మెడ మీదికి సర్దుకుంటాడు. పైవాళ్లు మూటను ఒరిగిస్తారు. అది మెడకూ భుజాలకూ మధ్య వచ్చి కూర్చుంటుంది. అతను అర క్షణం ఆగుతాడు. బరువు రెండు కాళ్ల మీదికీ సమంగా దిగిందని ఒళ్లు చెప్పాకే మొదటి అడుగు పడుతుంది. ఆ తర్వాత అడుగులు చిన్నవి, చకచకా పడతాయి. మూట వెన్నుకు అంటుకుని ఉంటుంది. నేల మీంచి దాన్ని ఒంటరిగా ఎత్తే పని లేదు. భుజం ఎత్తులోనే అందుకుని, భుజం ఎత్తులోనే దించుతాడు. పుస్తకం చదవకుండా, తరతరాలుగా ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న ఈ పద్ధతికీ ఉల్మ్ ప్రయోగశాల అంకెలకూ తేడా ఏమీ లేదు.

అలాంటప్పుడు హమాలీకి నడుము ఎక్కడ దెబ్బ తింటుంది? గోదాములో నెట్టు కట్టేటప్పుడు. నెట్టులో కింది వరుస మూటను నేల మీంచి లేపాలి, పక్కకు తిరగాలి, వేయాలి. వంగడం, తిరగడం, ఎత్తడం మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. నడుముకు ఇంతకంటే కష్టమైన కదలిక లేదు. ఇంకోటి అలసట. పది టన్నుల లారీ దించడమంటే 75 కిలోల మూటలు 133. నలుగురు పంచుకుంటే తలా 33. అంటే ఒక్కో మనిషి ఒక్క లారీకి మోసేది రెండున్నర టన్నులు. సుగ్గిలో లారీ వెంట లారీ వస్తుంది. జిమ్ములో 100 కిలోల రాడ్డును నేల మీంచి లేపే డెడ్‌లిఫ్ట్ అయిదు సార్ల చొప్పున మూడు సెట్లు చేసినవాడు ఆ రోజు ఎత్తింది ఒకటిన్నర టన్ను. ఆ తర్వాత రెండు రోజులు విశ్రాంతి, గుడ్లు, పాలు. కష్టంలో ఇద్దరూ పోటీ పడవచ్చు. కోలుకునే వ్యవధిలో మాత్రం పోలికే లేదు.

ఆళ్లగడ్డ సంగతి ఇంకో రకం. అహోబిలానికి పోయే యాత్రికులు బస్సు కిటికీలోంచి చూసేది రోడ్డు పక్కన నిలబెట్టిన విగ్రహాలను. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ పెద్ద రాళ్లను మనుషులు ఎత్తరు. చైన్ బ్లాకులు, క్రేన్లు, గడ్డపారలు, కింద వేసే ఇనుప పైపులు ఆ పని చేస్తాయి. శిల్పి నడుమును తినేది కూర్చునే తీరు. ఒక కాలు మడిచి, ఇంకో కాలు చాపి, ముందుకు వంగి, ఉలి మీద చూపు నిలిపి, గంటల తరబడి అదే భంగిమ. స్వామివారి కిరీటంలో గింజంత పూసను తొలిచేటప్పుడు మధ్యలో లేవడం అతనికి తోచదు, తోచినా చేయి ఒప్పుకోదు.

వంగి అలా కూర్చుంటే వెన్ను వెనక ఉండే పట్టీల్లాంటి కణజాలం మెల్లగా సాగుతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ దీన్ని కొలిచాడు. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి ఉన్న మనిషి లేచాక, రెండు నిమిషాల్లో ఆ సాగుదల సగమే తగ్గింది. అరగంట దాటినా ఇంకా కొంత మిగిలే ఉంది. అంటే శిల్పి రెండు గంటలు కూర్చుని, లేచీ లేవగానే పక్కనున్న పాతిక కిలోల పీఠాన్ని జరపబోతే, అతని నడుము ఆ పనికి సిద్ధంగా లేదన్నమాట. 75 కిలోల మూటకు లొంగని నడుము పాతిక కిలోలకు కలుక్కుమనడంలో వింత లేదు. లేచాక నాలుగు అడుగులు వేసి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని మెల్లగా రెండు మూడు సార్లు వెనక్కి వంగి, నీళ్లు తాగి, అప్పుడు రాయి ముట్టుకోవడం మంచిది. బేతంచెర్ల బండల లోడు వేసుకుని గంటల తరబడి నడిపిన లారీ డ్రైవరుకూ ఇదే వర్తిస్తుంది. ఆళ్లగడ్డ నుంచి బైకు మీద నంద్యాల వచ్చి, నేరుగా జిమ్ములోకి దూరి రాడ్డు పట్టుకునే కుర్రాడికి మరీ వర్తిస్తుంది.

పొద్దుటి వేళ గురించి కూడా చెప్పాలి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచేసరికి మనిషి సెంటీమీటరు పైచిలుకు పొడుగు ఉండేది అందుకే. ఆ ఉబ్బు మీద వంగితే డిస్కు మీదా, దాని చుట్టూ ఉన్న కట్ల మీదా పడే ఒత్తిడి సాయంత్రం కంటే ఎక్కువ. 1998లో అమెరికాలో స్నూక్ అనే పరిశోధకుడి బృందం చాలా కాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్లను నిద్ర లేచిన మొదటి రెండు గంటలు వంగకుండా ఉండమని చెప్పి చూసింది. వాళ్లకు నొప్పి రోజులు తగ్గాయి. ఖర్చు లేని మందు అది. తెల్లవారుజామున అయిదింటికి లేచి అయిదుంపావుకు డెడ్‌లిఫ్ట్ చేసే అలవాటును సాయంత్రానికి మార్చుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు. నడుము నొప్పి లేనివాళ్లు భయపడనక్కర్లేదు. ఉన్నవాళ్లు మాత్రం పాటించి చూడాలి.

ఇక నొప్పి వచ్చాక జరిగేది. మొదట తైలం. తర్వాత ఇంటి పక్క వైద్యుడి దగ్గర ఒక సూది. దానికీ తగ్గకపోతే ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని వెతికి నడుము మీద తన్నించుకోవడం. రాయలసీమ పల్లెల్లో ఈ నమ్మకం ఇంకా బతికే ఉంది. కొందరికి తగ్గుతుంది కూడా. కొత్తగా పట్టేసిన నడుము నొప్పి చాలామందిలో కొద్ది రోజుల నుంచి ఆరు వారాల లోపు దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. తన్నిన రోజుకూ తగ్గిన రోజుకూ పొత్తు కుదిరితే పేరు కాలికి వస్తుంది. ఎముకలు పెళుసైన పెద్దవాళ్ల వెన్ను మీద కాలు పెడితే పూస నలిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని మాత్రం చేయించకూడదు.

ఆ తర్వాతి మెట్టు స్కానింగ్. ‘ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్య గ్యాప్ వచ్చిందంట’, ‘డిస్కు జారిందంట’ అనే మాటలు విన్నాక మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోతాడు. చెంబు ఎత్తడానికి కూడా జంకుతాడు. 1994లో అమెరికా వైద్యులు అసలు నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. వాళ్లలో సగానికి పైగా మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతం మందే. తల నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి. ఫిల్ములో కనిపించిన ప్రతి ఉబ్బూ నొప్పికి కారణం కాదు. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, పాదంలో బలం తగ్గడం లాంటి లక్షణాలతో ఫిల్ము సరిపోలినప్పుడే దానికి విలువ. ఆ పోలిక చూడగలిగినవాడు వైద్యుడు, స్కానింగ్ సెంటరు రిపోర్టు కాదు.

పడక మీద పడుకోవడం గురించి కూడా పాత నమ్మకం మారింది. హెల్సింకి నగరపాలక సంస్థలో పనిచేసే 186 మందిని, అప్పుడే నడుము పట్టేసినవాళ్లను, మూడు జట్లు చేసి 1995లో ఫలితాలు ప్రకటించారు. ఒక జట్టుకు రెండు రోజులు పూర్తిగా పడక. ఇంకో జట్టుకు వ్యాయామాలు. మూడో జట్టుకు, ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు. అందరికంటే త్వరగా కోలుకున్నది మూడో జట్టు. అందరికంటే ఆలస్యమైంది పడక మీద ఉన్నవాళ్లకు. డిస్కుకు నేరుగా రక్తం అందదు. కదలికతోనే దానికి పోషకం అందుతుంది. మొదటి రెండు మూడు రోజులు బరువులు పక్కన పెట్టి, గంటకోసారి అయిదు నిమిషాలు నడిచి, వేడి కాపడం పెట్టుకుని, వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద ఆనించుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

నొప్పి మాత్రల మీద ఒక హెచ్చరిక తప్పదు. నంద్యాల ఎండలు ఎలాంటివో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీల ఎండలో చెమట కారుస్తూ, నీళ్లు చాలక, పొద్దునో డైక్లోఫెనాక్, సాయంత్రమో డైక్లోఫెనాక్ మింగుతూ మూటలు మోస్తే దెబ్బ తినేది మూత్రపిండాలు. నొప్పిని అణిచి పని చేయించే మాత్ర ఆ నొప్పి చెప్పదలచిన కబురును కూడా అణిచేస్తుంది. నాలుగైదు రోజులకు మించి వైద్యుడిని అడగకుండా వాడకూడదు. బీపీ, షుగరు, కడుపులో పుండు ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా సొంతంగా వాడకూడదు.

వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన లక్షణాలు వేరు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా కారిపోవడం, మలం మీద అదుపు తప్పడం, తొడల సందున మొద్దుబారడం, కాలు ఈడ్చుకుపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగకూడదు. కొన్ని గంటల ఆలస్యం జీవితాంతం మిగిలే లోపంగా మారవచ్చు. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో చూపించుకోవాలి. మన దగ్గర ఆ జబ్బు ఇంకా ఉంది, మందులతో నయమవుతుంది కూడా. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఇలాంటివాటికి తైలాల చుట్టూ తిరిగి పొద్దు పుచ్చకూడదు.

ఇవేవీ లేని మామూలు నడుము నొప్పి అయితే, బరువు దగ్గరికి తిరిగి పోవచ్చు, పోవాలి. ఎలా పోవాలన్నదానికి మీరాబాయి చాను కథను మించిన ఉదాహరణ లేదు. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 196 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచిన ఆమెకు ఆ తర్వాత నడుము పట్టేసింది. ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలకు పోలేకపోయింది. 2019 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్‌లో జరిగిన పోటీలో మళ్లీ రాడ్డు పట్టినప్పుడు ఆమె ఎత్తింది 192 కిలోలు. పాత లెక్కకు నాలుగు కిలోలు తక్కువ. ఆ తక్కువతో సరిపెట్టుకుని మొదలుపెట్టింది కాబట్టే 2021లో టోక్యోలో 202 కిలోలు ఎత్తి ఒలింపిక్ రజతం తెచ్చింది. మన సిక్కోలు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలతో కాంస్యం గెలిచిన వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. రాడ్డు ఆమె ఒంటికి ఎంత దగ్గరగా పైకి పోతుందో జిమ్ము కుర్రాళ్లు ఒక్కసారి శ్రద్ధగా చూడాలి. మోకాళ్లను, తొడలను రాసుకుంటున్నట్టే పోతుంది. ఉల్మ్ అంకెలు చెప్పిందీ అదే.

నొప్పి తగ్గుముఖం పట్టాక మొదట నేర్చుకోవాల్సింది తుంటి దగ్గర వంగడం. ఒక చీపురు కర్ర తీసుకుని వీపు వెనక నిలువుగా పెట్టుకోవాలి. తల వెనక, భుజాల మధ్య, నడుము చివరి ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండాలి. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులను వెనక్కి తోస్తూ ముందుకు వంగాలి. మూడింటిలో ఏ ఒక్క చోటైనా కర్ర వీపును వదిలిందంటే నడుము వంగిపోయిందని అర్థం. తొడ వెనక కండరం లాగుతున్నట్టు అనిపించాలి, నడుములో కాదు. చూడటానికి చిన్న పనే. ఏళ్ల తరబడి డెడ్‌లిఫ్ట్ చేస్తున్నవాళ్లలో కూడా ఈ కర్ర పరీక్షకు తడబడేవాళ్లు ఉంటారు.

తర్వాత నడుము చుట్టూ ఉన్న కండరాలు. మెక్‌గిల్ సూచించిన వాటిలో రెండింటికి చాప ఉంటే చాలు. చేతుల మీదా మోకాళ్ల మీదా ఉండి కుడి చేయి, ఎడమ కాలు చాపి పది సెకన్లు నిలపడం ఒకటి. పక్కకు తిరిగి మోచేతి మీద ఒంటిని లేపి నిలపడం ఇంకొకటి. ఇవి కుదిరాక పది కిలోల డంబెల్‌ను రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని కూర్చుని లేవాలి. రాడ్డును నేల మీంచి కాకుండా, కింద దిమ్మెలు పెట్టి మోకాలి ఎత్తు నుంచి లేపాలి. ముందు ఎత్తినదానిలో సగం బరువుతో మొదలుపెట్టి, వారానికి పదో వంతుకు మించకుండా పెంచాలి. దిమ్మె ఎత్తును కూడా మెల్లమెల్లగా తగ్గిస్తూ పోవాలి.

కొంచెం నొప్పి ఉండగా ఎత్తవచ్చా? ఎత్తవచ్చు. పదిలో రెండు మూడు పాళ్ల నొప్పి ఉండి, మర్నాటికి అది మామూలు స్థితికి వచ్చేస్తే ఆ బరువు సరిపోయినట్టే. మర్నాడు ఎక్కువైతే, లేదా కాలిలోకి పాకితే, ఒక ప్లేటు తీసేయాలి. అద్దంలో చూస్తున్న స్నేహితుడి కోసం ప్లేటు ఎక్కించడం, ఆఖరి సెట్టులో వీపు గుండ్రంగా మారుతున్నా ఇంకొక్కటి అని లాగడం, రీలు తీయడం కోసం ఎప్పుడూ ఎత్తని బరువు ఎత్తడం, చాలా నడుములు పట్టేసేది ఈ మూడు చోట్లే.

బెల్టుల గురించి అడిగేవాళ్లు ఎక్కువ. పొట్ట బిగించి ఊపిరి పట్టి భారీ బరువు ఎత్తే క్రీడాకారుడికి తోలు బెల్టు పొట్టలోపలి ఒత్తిడిని నిలపడానికి పనికొస్తుంది. పనివాళ్లకు మాత్రం దానితో రక్షణ దొరికిన దాఖలా లేదు. అమెరికాలో 160 దుకాణాల్లో సామాన్లు మోసే వేలమందిని గమనించి 2000లో వెలువరించిన అధ్యయనంలో బెల్టు పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ నడుము నొప్పిలో తేడా కనిపించలేదు. ఇంకో చేదు నిజం కూడా ఉంది. ‘ఇలా వంగండి, ఇలా ఎత్తండి’ అని పనివాళ్లకు తరగతులు చెప్పడం వల్ల నడుము నొప్పులు తగ్గాయా అని అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, తగ్గినట్టు ఆధారం లేదని 2011లో తేల్చింది. మూట ఎంత బరువు, రోజుకు ఎన్ని, నెట్టు ఎంత ఎత్తు అన్నవి మారకుండా ఎత్తే తీరు ఒక్కటే నేర్పితే ఫలితం రాదు.

ఈ విషయంలో అసలు అన్యాయం ఇక్కడే ఉంది. నడుము నొప్పికి మొదటి మందు బరువు కొంచెం తగ్గించి మళ్లీ పెంచుకుంటూ రావడం. జిమ్ములో ప్లేటు తీసేయవచ్చు. శిల్పి చిన్న రాయి పని చూసుకోవచ్చు. హమాలీకి ఆ వెసులుబాటు లేదు. నొప్పి ఉన్నా మూట 75 కిలోలే, లేకపోయినా 75 కిలోలే. సగం మూట అనేది మిల్లులో లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మనిషి మోసే గరిష్ఠ బరువు మీద 127వ ఒప్పందం చేసింది. దానితో పాటు వచ్చిన సిఫారసు మగవాడికి 55 కిలోలు మించకూడదని, ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలని చెప్పింది. ఆ ఒప్పందాన్ని భారతదేశం 2010లో ఆమోదించింది. అంతకు చాలా ముందే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్, గాయమయ్యేంత బరువును మనిషి చేత ఎత్తించకూడదని రాసిపెట్టింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ఇంకా కఠినం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా 23 కిలోలే అంటుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న ఒక్క బేతంచెర్ల బండ ఆ హద్దు దాటుతుంది.

మూట చిన్నదవడం జరగని పనేమీ కాదు. యూరియా సంచి 2018లో 50 కిలోల నుంచి 45కు తగ్గింది. వాడకం తగ్గించాలన్న ఉద్దేశంతో చేశారు గానీ నడుముల కోసం కాదు. అయినా దించేవాడికి అయిదు కిలోలు తగ్గాయి. ప్రభుత్వ కొనుగోళ్లలో వడ్లు 40 కిలోల సంచుల్లోనే తూస్తున్నారు. మిల్లు గోదాములో కింది వరుస నేల మీద కాకుండా మోకాలి ఎత్తు అరుగు మీద మొదలయ్యేలా కట్టుకోవడం, నెట్టు పై వరుసలకు కన్వేయరు పెట్టడం, నేల మీంచి లేపే మూటకు ఎప్పుడూ ఇద్దరు చేయి వేయడం, ఇవి ఒక సీజను లాభంలో చిన్న భాగంతో అయ్యే పనులు.

చిక్కు కూలి లెక్కలో ఉంది. హమాలీకి డబ్బులు మూట లెక్కన వస్తాయి. పది టన్నుల లారీలో 75 కిలోల మూటలు 133 అయితే, 40 కిలోల సంచులు 250. నలుగురు మనుషులకు తలా 33 నడకలు ఉన్నవి 62 నడకలవుతాయి. సంచి సగానికి తగ్గిందని రేటు కూడా సగానికి కోస్తే, నడుముకు దక్కిన సుఖం కాళ్లు కట్టాల్సి వస్తుంది. అందుకే మూట తగ్గించే మాట మాట్లాడేటప్పుడు కూలిని టన్నుకు ఇంత, నడకకు అదనంగా ఇంత అని రెండూ కలిపి మాట్లాడుకోవాలి. సుగ్గి మొదలయ్యే ముందు హమాలీ సంఘాలు, మిల్లు యజమానులు రేట్ల కోసం ఎలాగూ కూర్చుంటారు. ఈసారి ఆ కూర్చోవడంలో మొదటి ప్రశ్న రూపాయల గురించి కాకుండా కిలోల గురించి రావాలి.